దెబ్బ తగిలితే ఎవరిని కొట్టాలి?

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి, వచ్చే నెల నుంచి నర్సరీ టీచరుగా చేరుతున్నానని చెప్పింది. "ముందు ఏం నేర్పాలి ఆంటీ?" అని అడిగింది. రైమ్స్, రంగులు, అఆలు ఎలా నేర్పాలో బడివాళ్లే చెబుతారు, పుస్తకాలు కూడా వాళ్లే ఇస్తారు, దాని గురించి బెంగ పెట్టుకోకు అన్నాను. "మరి నేను నేర్చుకోవాల్సింది?" అంది. తెలివైన పిల్ల. అది నిలబడి చెప్పే జవాబు కాదు. అందుకే ఇంటికొచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను.

నా పేరు సుగుణ. మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగానికని లాలాగూడ వచ్చారు. నేనిక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను, ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక చిన్న బడిలో ముప్పై ఏళ్లకు పైగా నర్సరీ పిల్లలకు టీచరుగా ఉండి, ఈమధ్యే రిటైరయ్యాను. నర్సరీ టీచరంటే అందరికీ చులకనే. పెళ్లిళ్లలో బంధువులు "నీకేంలే, పిల్లల్ని ఆడించడమేగా" అనేవాళ్లు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత్తర్వాత, పాపం వీళ్లకేం తెలుసు అని నవ్వుకునేదాన్ని. ఎందుకంటే ఆ గదిలో నేను చూసినవాటికి నేనే నోరు తెరుచుకుని నిలబడిపోయిన రోజులు బోలెడు.

వాళ్లు చూస్తూనే ఉంటారు

ఈ ఉద్యోగమంటే పిల్లల్ని చూసుకోవడం అనుకుంటారు. నిజానికి పాతికమంది పిల్లలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మనల్ని చూస్తూ ఉండటమే ఈ ఉద్యోగం. మనం పాఠం చెప్పేటప్పుడు వాళ్లు కిటికీలోంచి పిచ్చుకను చూస్తారు. పాఠం అయిపోయి, అమ్మయ్య అని కుర్చీలో కూలబడతామే, అప్పుడు మనల్ని చూస్తారు. నేను కూర్చునే ముందు చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పక్కకు సర్దుకుంటాను. చేరిన మొదటి ఏడాదే, గౌన్లు వేసుకున్న పిల్లలు కూర్చునే ముందు లేని కుచ్చిళ్లను సర్దుకోవడం చూశాను. ఆ రోజు నవ్వుకున్నాను కానీ, కాసేపటికి కొంచెం భయం కూడా వేసింది.

మా గదిలో ఒక మూల బొమ్మ గిన్నెలు, బొమ్మ పొయ్యి పెట్టేవాళ్లం. పిల్లలు అక్కడ ఇల్లు ఆట ఆడేవాళ్లు. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఆ మూలకు చెవి ఒగ్గితే చాలు. ఒక పిల్లాడు ఎప్పుడూ నాన్న వేషమే వేసేవాడు. వచ్చి, లేని తలుపును కాలితో తోసి, గొంతు సవరించుకునేవాడు. అంతే. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. వాడు గొంతు సవరించగానే మిగతా పిల్లలు గిన్నెల చప్పుడు ఆపేసేవాళ్లు. ఆ ఇంటికి వీళ్లెవరూ ఎప్పుడూ వెళ్లలేదు. అయినా ఆ భయం ఎలా ఉంటుందో వాడు గొంతుతోనే అందరికీ అందించేశాడు.

ఇంకోసారి, మాతో పనిచేసే ఒక టీచరు, మంచావిడే, ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకుంటే విడదీసి, ఒకడి చేతి మీద చురుక్కుమనేలా ఒకటి వేసి, "కొట్టొద్దని చెప్పానా లేదా?" అంది. మధ్యాహ్నం బొమ్మల మూలలో ఒక పాప తన గుడ్డబొమ్మను ఒళ్లో వేసుకుని, "కొట్టొద్దు, కొట్టొద్దు" అంటూ దాని వీపు మీద దెబ్బలు వేస్తోంది. ఎంత ప్రేమగా వేస్తోందో చెప్పలేను. ఆ మాటకు, ఆ చేతికి మధ్య తేడా ఉందని దానికి తెలియదు. రెండూ కలిపి ఒకే పాఠమనుకుంది. అది చూసిన ఆ టీచరు ఆ తర్వాత ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. నేను చెప్పి ఉంటే మాత్రం నాతో పోట్లాడేది.

ఈ రోజుల్లో పిల్లలు ఎవరినైనా కొడితే చాలు, ఫోన్ చూసి నేర్చుకున్నారంటారు. ఫోన్ మంచిదని నేననను. కానీ నేను చూసినంతలో, పిల్లలు ఫోన్‌ను ఎంత చూస్తారో, ఆ ఫోన్ పట్టుకున్న మనిషి ముఖాన్ని అంతకంటే ఎక్కువ చూస్తారు. తప్పు ఫోన్ మీదకు నెట్టేస్తే మనకు హాయిగా ఉంటుంది, అంతే.

రౌడీ పాప

ఇక అసలు సంగతికి వస్తాను. నేను రిటైరవడానికి కొంచెం ముందు మా తరగతిలోకి హర్షిత అని ఒక పాప వచ్చింది. నాలుగేళ్లు కూడా నిండలేదు. రెండు పిలకలు, బుగ్గ మీద కాటుక చుక్క, ఎప్పుడూ తన పనేదో తను చేసుకుంటూ ఉండేది. వాళ్ల నాన్నకు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఉల్లిగడ్డల కమీషన్ దుకాణం. అమ్మ కూడా తెల్లవారకముందే దుకాణానికి వెళ్లిపోతుంది. పాపను బడికి తీసుకొచ్చేది, తీసుకెళ్లేది నానమ్మ.

ఆ పాప పిల్లల్ని కొట్టేది. గిల్లడాలు, తోసుకోవడాలు నర్సరీలో రోజూ ఉండేవే. ఇది అలా కాదు. నడిచొచ్చి, చెయ్యెత్తి, ఫట్‌మని ఒకటి వేసేది. ఎందుకు కొట్టావంటే బిత్తరపోయి చూసేది. వారం తిరగకముందే గేటు దగ్గర తల్లులు "రౌడీ పాప" అని పేరు పెట్టేశారు. పిల్లలు ఆ మాట కూడా పట్టుకున్నారు.

ఒకరోజు ఆరవ్ అనే బాబు చెంప మీద హర్షిత గోరు గీసుకుంది. వాళ్లమ్మ స్వప్న గారు తిరుమలగిరి నుంచి స్కూటీ మీద వచ్చి, నేరుగా ప్రిన్సిపల్ శాంత మేడమ్ గదిలోకి వెళ్లారు. ఆ పాపైనా ఉండాలి, మా వాడైనా ఉండాలి, తేల్చమన్నారు. శాంత మేడమ్ నన్ను పిలిచారు.

"సుగుణ గారూ, ఆ అమ్మాయికి టీసీ ఇచ్చేద్దాం. రోజూ నాకు పేరెంట్స్‌తో ఈ టెన్షన్ ఏంటి?"

"నాలుగేళ్ల పిల్లకు టీసీ ఏంటి మేడమ్? ఏడాది మధ్యలో ఇంకే బడి చేర్చుకుంటుంది? ఎందుకు పంపారని అడగరా?" అన్నాను.

"అడుగుతారు. నేనేం చెయ్యను?"

కొట్టే పిల్లలని ఒకసారి ముద్ర పడి బయటికి వెళ్లినవాళ్లు ఏమవుతారో నాకు తెలుసు. కొత్త బడివాళ్లు మొదటి రోజే వాళ్లను అందరికీ దూరంగా కూర్చోబెడతారు. ఎవరు ఏడ్చినా వీళ్ల వైపే చూస్తారు. కొన్నాళ్లకు ఆ పిల్లలు, అందరూ అనుకుంటున్నట్టే ఉండటం మొదలుపెడతారు. హర్షితకు అది జరగకూడదని నా మనసంతా పట్టుబట్టింది. శాంత మేడమ్‌ను వారం రోజులు గడువు అడిగాను.

ముందు వాళ్ల నాన్నను పిలిపించాం. ఆరడుగుల మనిషి. గది గుమ్మంలోంచి నమస్తే అంటేనే పక్క క్లాసులో పిల్లలు తిరిగి చూశారు. శాంత మేడమ్ నా వైపు, అర్థమైందిగా అన్నట్టు చూశారు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను.

"మీరు ఇంట్లో పాపని కొడతారా?" అని మేడమ్ సూటిగా అడిగేశారు.

ఆయన ముఖం కందిపోయింది. "నా గొంతే గింత మేడమ్. మార్కెట్ల అరిచి అరిచి గిట్లైంది. బిడ్డ మీద ఇప్పటిదాంక చెయ్యి ఎత్తలే. మా ఇంట్ల ఎవ్వరు ఎత్తలే. గంత పరేషాన్ ఉంటే మా అమ్మను అడుగుండ్రి" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన వెళ్లిపోయాక, అందరు తండ్రులూ ఇదే చెబుతారన్నారు మేడమ్.

ఆ చూపు

మర్నాడు క్లాసును ఆయా యాదమ్మకు అప్పగించి, నేను ఒక మూల నేల మీద కూర్చున్నాను. కొత్తగా చేరేవాళ్లకు ఇది గట్టిగా చెబుతాను: పిల్లల్ని అర్థం చేసుకోవాలంటే కుర్చీలో కూర్చోకండి. నేల మీద కూర్చుంటే కాసేపటికి వాళ్లు మనల్ని మరిచిపోతారు. అప్పుడుగానీ మనం చూడటం మొదలవదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. హర్షిత చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటోంది. ఇంతలో గదికి ఆ చివర ఆరవ్, ఎవరిదో సంచీ పట్టీ కాలికి తగులుకుని బోర్లా పడ్డాడు. ఏడుపు అందుకున్నాడు. హర్షిత దిమ్మెలు కింద పెట్టింది. లేచి వాడి దగ్గరికి నడిచింది. చుట్టూ చూసింది. పక్కనే, ఆ సంచీ తాలూకు పాప నిలబడి ఉంది. హర్షిత ఆ పాప భుజం మీద ఫట్‌మని ఒకటి వేసింది. తర్వాత, ఇది జాగ్రత్తగా వినండి, వెనక్కి తిరిగి, ఒంగి, ఆరవ్ ముఖంలో ముఖం పెట్టి చూసింది.

దాని ముఖంలో కోపం లేదు. ఒక్క పిసరు లేదు. ఏడుపు ఆగిందా అని చూస్తోంది. ఆరవ్ నిర్ఘాంతపోయి ఏడుపు ఆపేశాడు. హర్షిత తృప్తిగా తల ఊపి, వచ్చి మళ్లీ దిమ్మెలు పేర్చుకుంది.

నాకేం అర్థం కాలేదు. అర్థం కాకపోయినా, నా కళ్ల ముందు ఏదో పెద్ద సంగతి జరిగిందని మాత్రం తెలిసింది. ఆ చూపు ఎక్కడిది? అది కొట్టేవాళ్ల చూపు కాదు. పడుకున్న పిల్లకు జ్వరం తగ్గిందా అని చూసే తల్లి చూపు.

ఆ మధ్యాహ్నం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. హర్షిత నానమ్మను చూసి పరుగెత్తి, గేటు మెట్టు తట్టుకుని పడింది. మోకాలు కొట్టుకుంది. నానమ్మ సంచీ అక్కడే వదిలేసి వచ్చి, పాపను ఒళ్లోకి తీసుకుంది.

"అయ్యో బిడ్డా, ఏది తాకింది నిన్ను? గీ మెట్టేనా? ఆగు, దీని పని చెప్త" అంటూ అరచేత్తో మెట్టు మీద ఠప ఠపా కొట్టింది. "కొట్టిన సూడు. అది ఏడుస్తున్నది. ఇగ నువ్వు ఊకో."

హర్షిత తనూ మెట్టును ఒకటి కొట్టింది. అప్పుడు నానమ్మ ఒంగి, పాప ముఖంలో ముఖం పెట్టి, ఏడుపు ఆగిందా అని చూసింది.

అదే చూపు. అదే ఒంగడం, తల అదే పక్కకు వంచడం, చివర్లో తృప్తిగా అదే తల ఊపు. ఆ పిల్ల ఎవరినీ ఊరికే కొట్టడం లేదు. ఓదారుస్తోంది. తనకు తెలిసిన ఓదార్పు అదొక్కటే. ఎవరైనా ఏడిస్తే, వాళ్ల పక్కన ఏముందో చూసి దాన్ని కొట్టాలి, కొట్టి ఏడుపు ఆగిందో లేదో చూడాలి. ఇంట్లో పక్కన మెట్టు, గడప, మంచం కోడు ఉంటాయి. బడిలో పక్కన పిల్లలు ఉంటారు. అంతే తేడా.

ఇంత ప్రేమ దెబ్బగా మారడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. ఒక చిన్న బుర్ర ఎంత చూస్తుందో, చూసినదాన్ని ఎంత నిజాయితీగా అందుకుంటుందో తలుచుకుంటే గుండె నిండిపోయింది.

మర్నాటి నుంచి నాకు అన్నిచోట్లా అదే కనిపించడం మొదలైంది. ఒక పిల్లాడికి బెంచీ తగిలితే యాదమ్మ బెంచీని కొట్టింది. గేటు దగ్గర ఒక తాతగారు ఆటో చక్రాన్ని కొట్టారు. కూరగాయల బండి దగ్గర ఒక తల్లి తోపుడుబండినే రెండు తగిలించింది. మన ఊళ్లో పిల్లవాడు పడితే మనం మొదట చేసే పని అదే. తరతరాలుగా చేస్తున్నాం. ఎవరికీ అందులో తప్పేమీ కనపడదు. అందుకే ఎవరూ దాన్ని గమనించరు.

మేడమ్ గదిలో

బుధవారం శాంత మేడమ్ రెండు కుటుంబాలనూ పిలిచారు. స్వప్న గారు ఆరవ్‌ను తీసుకొచ్చారు. హర్షితతో నానమ్మ వచ్చింది. నానమ్మ కుర్చీ అంచున కూర్చుని, పాపను ఒళ్లో బిగించి పట్టుకుంది. స్వప్న గారు ఆమె వైపు చూడటం లేదు.

నేను నోరు విప్పేలోపే ఆరవ్ ఎప్పుడు దూరాడో మేజా కిందకి దూరాడు, పైకి లేస్తూ తల ఠంగుమని కొట్టుకున్నాడు. ఏడుపు.

"అయ్యో నాన్నా, తగిలిందా? ఈ టేబుల్ చెడ్డది. కొట్టేద్దాం దీన్ని. ఇదిగో, కొట్టేశాను" అంటూ స్వప్న గారు మేజాను రెండు వేశారు.

"అవునవును, బ్యాడ్ టేబుల్" అని అటువైపు నుంచి శాంత మేడమ్ కూడా ఒకటి వేశారు.

అప్పుడు హర్షిత నానమ్మ ఒళ్లోంచి జారి కిందకి దిగింది. మేజా దగ్గరికి వచ్చి, తన బలమంతా పెట్టి దాన్ని ఒకటి కొట్టింది. వెనక్కి తిరిగి, ఒంగి, ఆరవ్ ముఖంలోకి చూసింది.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"స్వప్న గారూ, మీ బాబు చెంప గీసుకున్న రోజు జరిగింది ఇదే. వేరే పాప పడి ఏడ్చిందని యాదమ్మ చెప్పింది. పక్కన టేబుల్ లేదు, మీ వాడున్నాడు" అన్నాను. మెట్టు దగ్గర చూసింది, క్లాసులో చూసింది అంతా చెప్పాను.

స్వప్న గారు కొడుకును దగ్గరికి లాక్కుని, "అంటే తప్పు మాదంటారా? మా అమ్మ ఇలాగే చేసింది, అమ్మమ్మ ఇలాగే చేసింది. మేమెవరం రౌడీలం కాలేదుగా మేడమ్" అన్నారు.

"గదే నేను సుత అంటున్న" అంది నానమ్మ, మొదటిసారి ఆమె వైపు తిరిగి. "నలుగురు పిల్లలను గిట్లనే పెంచిన. ఒక్కడు సుత ఎవ్వరి మీద చెయ్యి ఎత్తలే. టీచరమ్మ కొత్త ముచ్చట చెప్తున్నది."

అప్పటిదాకా ముఖాలు చూసుకోని ఇద్దరూ నా మీద ఒక్కటైపోయారు. నాకు అది కూడా బాగానే అనిపించింది.

వాళ్లన్నదాంట్లో అబద్ధం లేదు. నేల మీద నాలుగు దెబ్బలు వేస్తే పిల్లలు హంతకులైపోరు. ఎక్కువమంది పిల్లలు నేల వేరు, మనిషి వేరు అని తమంతట తామే తెలుసుకుంటారు. హర్షిత ఇంకా తెలుసుకోలేదు, అంతే. కానీ తెలుసుకున్నామనుకునే మనం మాత్రం ఏం చేస్తున్నాం? పాలు పొంగితే స్టవ్ కట్టేసే లోపే ఎందుకు చూసుకోలేదని ఎవరిమీదో అరుస్తాం. సిగ్నల్ దగ్గర బండి గీసుకుంటే మన మోచెయ్యి చూసుకోకముందే కాలరు పట్టుకోవడానికి మనిషిని వెతుకుతాం. నొప్పి పుట్టగానే ఎవరో ఒకరికి దెబ్బ పడాలి, అప్పుడుగానీ మనకు ఊరట లేదు. ఇది వాళ్లతో అన్నాను. బిడ్డ చెంప గీసుకుంటే ఇంకో బిడ్డను బడిలోంచి పంపేయమనడం కూడా అదే కదా అన్న మాట నోటి దాకా వచ్చింది. అనలేదు. స్వప్న గారు తలొంచుకుని కొడుకు తల నిమురుతున్నారు. ఆవిడకు ఆ మాట నేననకుండానే తగిలిందనుకుంటాను.

"మరి పిల్ల ఏడుస్తుంటే ఊకె చూస్కుంట కూసోవాల్నా?" అంది నానమ్మ.

"దెబ్బ తగిలినచోట నిమరండమ్మా. ఉఫ్ అని ఊదండి."

"నోటితోని ఊదితె నొప్పి పోతదా టీచరమ్మా?"

"మెట్టును కొడితే పోతుందా?"

నానమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, వల్ల కాలేదు. కానీ సరేనని మాత్రం అనలేదు.

శాంత మేడమ్ తన మాట తను చెప్పారు. "శుక్రవారం దాకా చూస్తాను. ఈ లోపల ఆ అమ్మాయి మళ్లీ ఎవరినైనా కొడితే టీసీ ఇచ్చేస్తాను. ఇంక నన్నేం అడగొద్దు సుగుణ గారూ." ఆవిడను తప్పు పట్టను. బడి నడిపేవాళ్ల తక్లీఫ్ వాళ్లది. చాలామంది ప్రిన్సిపల్స్ ఆ రెండు రోజులు కూడా ఇవ్వరు.

శుక్రవారం

ఆ రెండు రోజులు పిల్లలకు నేనేమీ చెప్పలేదు. కొట్టకూడదు అని పాట పాడించలేదు, బొమ్మ గీసి గోడకు అంటించలేదు. యాదమ్మకు మాత్రం చెప్పాను. ఎవరు పడ్డా మనిద్దరం పరుగెత్తుకెళ్లి, నిమిరి ఊదాలి, పిల్లలందరికీ కనబడేలా చెయ్యాలి, బెంచీని ముట్టుకోకూడదు అని. "నాకు చెయ్యి ఊకుంటలేదు టీచరమ్మా" అని యాదమ్మ మొత్తుకుంది. పాపం, ఒకసారి బెంచీ మీదకు చెయ్యెత్తి, ఆ చేత్తోనే తల గోక్కుంది.

గురువారం ఒకడు కింద పడి ఏడ్చాడు. హర్షిత లేచింది. నడిచొచ్చింది. పక్కనున్న పిల్లను చూసి చెయ్యి ఎత్తింది. నేను ఆ పిల్లాడి మోచెయ్యి నిమురుతూ ఊదుతున్నాను. హర్షిత వైపు తిరగలేదు, ఆగమనలేదు. ఎత్తిన చెయ్యి గాల్లో అలాగే ఉంది. పాప నా నోటినే చూస్తోంది. తర్వాత పిల్లాడి ముఖం చూసింది. ఏడుపు ఆగింది. చెయ్యి మెల్లగా దింపేసింది.

శుక్రవారం పొద్దున్నుంచీ ఎవరూ పడలేదు. పడతారేమోనని ఎదురుచూసే రోజు పిల్లలు ఎంత బుద్ధిగా నడుస్తారో. శాంత మేడమ్ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లారు. హర్షిత మారిందో లేదో ఎవరికీ తెలియదు. బడి వదిలే గంట కొట్టారు. వరండాలో నానమ్మ నిలబడి ఉంది. స్వప్న గారు కూడా వచ్చారు. హర్షిత సంచీ ఊపుకుంటూ పరుగెత్తింది, కాలు జారింది, గచ్చు మీద మోకాళ్లూ అరచేతులూ ఆనేలా పడింది.

ఏడుపు పెద్దగా వచ్చింది. నానమ్మ ఆదరా బాదరాగా వచ్చి కూలబడింది. కుడిచెయ్యి నేల మీదకు లేచింది. ఇన్నేళ్ల అలవాటు కదా. లేచిన చెయ్యి అక్కడే ఆగింది. ఆమె నా వైపు చూసింది. ఆ చేత్తోనే పాప మోకాలు నిమిరి, సిగ్గుపడుతున్నట్టుగా ఊదింది. "ఉఫ్. ఉఫ్. పోతది బిడ్డా."

పాప ఏడుపు వెంటనే ఆగలేదు. మామూలుగా పట్టేదాని కంటే ఎక్కువసేపే పట్టింది. నానమ్మ ఊదుతూనే ఉంది. పక్కనే ఆరవ్, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. హర్షిత చుట్టూ చూసినప్పుడు అందరికంటే దగ్గరగా ఉన్నది వాడే. శాంత మేడమ్ గుమ్మంలో ఉన్నారు. నేను కదలలేదు.

చివరికి పాప వెక్కిళ్లు ఆగాయి. లేచింది. ఆరవ్ వైపు వెళ్లలేదు. తను పడినచోటికి వెళ్లి, గొంతుక్కూర్చుని, అరచేత్తో గచ్చును నిమరడం మొదలుపెట్టింది. ఒంగి, దాని మీద ఊదింది.

"ఏం జేస్తున్నవే?" అంది నానమ్మ.

"దీనికి సుత నొప్పి నానమ్మా. రోజు కొడ్తవ్ కదా."

అది ఎవరూ నేర్పింది కాదు. నేను నేర్పలేదు, వాళ్లింట్లో ఎవరూ నేర్పలేదు. పిల్లలు చూసిందే చేస్తారని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. అది నిజమే. కానీ కొట్టడం నేర్చుకుంటున్న అన్ని రోజులూ ఆ పిల్ల, దెబ్బ తిన్నదాని వైపు నుంచి కూడా చూస్తూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. వాళ్ల ముందు నేనెంత చిన్నదాన్నో తెలిసి, చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

నానమ్మ నేల వైపే చూస్తూ కూర్చుంది. శాంత మేడమ్ నా పక్కకొచ్చి, "ఇంక టీసీ మాట నా దగ్గర ఎత్తకండి" అని లోపలికి వెళ్లిపోయారు, ఆ మాట మొదట నేనే ఎత్తినట్టు.

ఆరవ్ వాళ్లమ్మ చెయ్యి విడిపించుకున్నాడు. వెళ్లి హర్షిత పక్కన గొంతుక్కూర్చుని, వాడూ గచ్చు మీద ఊదాడు. స్వప్న గారు స్కూటీ తాళం చేతిలో పట్టుకుని, వాడిని పిలవకుండా నిలబడ్డారు.